గుండెలోని గుళికకు ఏ గోడ క్షేమం?

మణికట్టు మీద వేళ్ళు ఆనించి, మీ నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో ఎప్పుడైనా లెక్కపెట్టారా? విశ్రాంతిగా ఉన్న పెద్దవారికి మామూలుగా 60 నుంచి 100 వరకు ఉంటుంది. అది 40కి పడిపోయి, కళ్ళు తిరిగి, మనిషి ఉన్నట్టుండి తూలి పడిపోతే? పల్నాడు ఎండల్లో దాన్ని వడదెబ్బ అనుకోవడం సులువు. మజ్జిగ తాగించి పడుకోబెడతాం. కాని అది గుండె మొరాయించడం కావచ్చు. నరసరావుపేటలోనో గుంటూరులోనో డాక్టరు గారికి చూపించి, ఇ.సి.జి. తీయించడం అవసరం.

గుండెకు కరెంటు ఎక్కడిది?

గుండె పిడికిలంత కండరం. పైన రెండు గదులు కర్ణికలు, కింద రెండు జఠరికలు. కుడి కర్ణిక పైభాగంలో ఉన్న చిన్న కణాల ముద్ద తనంతట తానే విద్యుత్తు పుట్టిస్తుంది. అది కిందికి ప్రవహించి జఠరికలకు చేరితేనే గుండె సరిగా ముడుచుకుంటుంది. ఆ ముద్ద అలసినా, దారి మూసుకుపోయినా నాడి మందగిస్తుంది. ఆ లోటు తీర్చేదే పేస్‌మేకర్.

1958లో స్వీడన్‌లో ఆర్నే లార్సన్ అనే రోగికి మొట్టమొదటిసారిగా దాన్ని శరీరం లోపల అమర్చారు. ఆయన 2001 వరకు జీవించారు. మామూలు పద్ధతిలో మెడ ఎముక కింద చర్మంలో చిన్న పెట్టె ఉంచి, సిర గుండా గుండెలోకి తీగలు వేస్తారు. ఏళ్ళు గడిచేకొద్దీ తీగ తెగవచ్చు, పెట్టె ఉన్నచోట చీము పట్టవచ్చు.

అందుకే తీగలు లేని పేస్‌మేకర్ వచ్చింది. 2016లో అమెరికాలో అనుమతి పొందిన రకం పెద్ద మందు గుళికంత ఉంటుంది. పొడవు సుమారు 26 మిల్లీమీటర్లు, బరువు 2 గ్రాములు. గజ్జ దగ్గరి సిర గుండా గొట్టంతో కుడి జఠరికలోకి పంపుతారు. సన్నని కొక్కేలతో అది గోడను పట్టుకుంటుంది.

ఉమ్మడి గోడ, వీధి గోడ

అసలు మెలిక ఇక్కడే ఉంది. కుడి జఠరికకు ఒకవైపు ఎడమ జఠరికతో ఉమ్మడి గోడ, రెండోవైపు బయటి గోడ. బయటి గోడ మందం 3 నుంచి 5 మిల్లీమీటర్లే. ఉమ్మడి గోడ దానికి సుమారు రెట్టింపు. పల్చటి గోడకు కొట్టిన మేకు వీధిలోకి తేలినట్లు, బయటి గోడకు చిల్లు పడితే రక్తం గుండె చుట్టూ ఉన్న పొరలోకి చేరి, గుండెనే నొక్కేస్తుంది. అది ప్రాణాపాయం. కాబట్టి గుళికను ఉమ్మడి గోడకే తగిలించాలని వైద్యులు చూస్తారు. రంగుమందు ఎక్కించి, ఎక్స్‌రే తెరపై రెండు కోణాల నుంచి చోటు నిర్ధారించుకుంటారు. మెల్లగా లాగి, కనీసం రెండు కొక్కేలైనా పట్టాయో లేదో చూస్తారు.

చిల్లు పడే అవకాశం తక్కువే. అయితే తీగల పేస్‌మేకర్ కంటే ఇందులో దాని ఫలితం తీవ్రంగా ఉండవచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021 నవంబరులో వైద్యులను హెచ్చరించింది. బాగా వయసు మీరినవారు, బక్కపలచనివారు, ఆడవారు, దీర్ఘకాలంగా ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారి విషయంలో మరింత జాగ్రత్త కావాలి.

సంతకం పెట్టేముందు

మూడు ప్రశ్నలు మొహమాటపడకుండా అడగండి. మా మనిషికి తీగలు లేనిదే ఎందుకు? మీరు ఇవి ఎన్ని అమర్చారు? చిల్లు పడితే వెంటనే ఆపరేషన్ చేసే సర్జన్ అక్కడే ఉంటారా? ఖర్చు ప్రభుత్వ పథకంలో వస్తుందో లేదో కూడా ముందే తెలుసుకోండి.

ఇంటికి వచ్చాక డాక్టరు చెప్పినన్ని రోజులు బరువులు ఎత్తనివ్వకండి. గుండెల్లో నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం, గజ్జ దగ్గర వాపు లేక రక్తం కనిపిస్తే, మాచర్ల అయినా గురజాల అయినా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.