విమానవీరుని స్మరణము

మన చిత్తూరు సీమలో భారతోత్సవము జరుగునపుడు అర్జున వేషధారి తపస్సుమాను నెక్కుట మీరందఱు చూచియే యుందురు. క్రింద నున్న జనము ఊపిరి బిగబట్టి చూచును. వారికి కనబడునది అతని తెగువ; కనబడనిది అతని సాధన. ఆకాశమున విన్యాసములు చూపు వైమానికుల విషయమును ఇట్టిదే. అట్టివారిలో నొకరైన కమాండర్ సురేశ్ కుమార్ మౌర్యగారిని నేడు స్మరింతము.

2010వ సంవత్సరము మార్చి 3వ తేదీన హైదరాబాదు బేగంపేట విమానాశ్రయమున విమాన ప్రదర్శనము ప్రారంభమయ్యెను. భారత నౌకాదళమువారి ‘సాగర్ పవన్’ బృందము అందు పాల్గొనెను. 2003లో నేర్పడిన ఈ బృందమువారు నడపినవి ‘కిరణ్’ విమానములు. అవి బెంగుళూరు హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కర్మాగారమువారు విమానవిద్య నేర్పుటకై నిర్మించినవి. విన్యాసముల నడుమ ఒక విమానము క్రిందికి దిగి, మరల పైకి లేవజాలక, న్యూ బోయినపల్లిలో నొక భవనముపై కూలెను. మౌర్యగారును, వారితో నున్న లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయరుగారును అసువులు బాసిరి. నేలపై నున్నవారిలో కొందఱు గాయపడిరి.

ఇంతటి నేర్పరులకు అట్టి యాపద యేల కలిగెనని మీరడుగవచ్చును. ఆనాటి కారణమును తీర్పరించుట మన పని కాదు. కాని ఈ విద్యలోని కష్టమెట్టిదో లెక్కతో తెలిసికొనవచ్చును. గంటకు 450 కిలోమీటర్ల వేగముతో పోవు విమానము సెకనునకు 125 మీటర్లు సాగును. 375 మీటర్ల యెత్తునుండి నిట్టనిలువున దిగినచో నేల తాకుటకు 3 సెకన్లే పట్టును. మనమొక్కమారు శ్వాస తీసి విడుచునంత కాలమది! ఆ లోపలనే విమానమును మరల పైకి మళ్లింపవలెను. అట్లు మళ్లించునపుడు దేహము బరువు నాలుగింతలైనను కావచ్చును. 70 కిలోల మనుష్యుడు 280 కిలోల బరువైనట్లు ఆసనమున కదుమబడును. తలనుండి నెత్తురు దిగిపోయి కన్నులు చీకట్లు క్రమ్మును. మిక్కిలి యెత్తున ఎగురువానికి పొరపాటు దిద్దుకొనుటకు వ్యవధి కలదు. ప్రదర్శనము చేయువాడు జనుల కన్నులకు కనబడునట్లు తక్కువ యెత్తున నెగురవలెను గనుక వానికి ఆ వ్యవధి లేదు.

మఱియు తోడి విమానములతో కలిసి నడువవలెను. కోలాటమున అడుగు తప్పినచో కోల కోలకు తగులదు. ఇక్కడ అడుగు తప్పినచో రెక్క రెక్కకు తగులును. 2019 ఫిబ్రవరి 19వ తేదీన బెంగుళూరు కడ యలహంకలో వాయుసేనవారి సూర్యకిరణ్ విమానములు రెండు సాధనలోనే ఢీకొనగా వింగ్ కమాండర్ సాహిల్ గాంధీగారు మరణించిరి.

ప్రాణములతో వేడుకయేల యని కొందఱందురు. ఆ మాట త్రోసివేయదగినది కాదు. ఇట్టి ప్రదర్శనములు ఇండ్లకు దూరముగా జరుగుట మేలని బోయినపల్లి మనకు నేర్పినది. కాని ఆ వైమానికులను తెంపరులనుట న్యాయము కాదు. వారు మొదట మిక్కిలి యెత్తున అభ్యసించి, చేయి కుదిరిన పిమ్మట క్రమముగా క్రిందికి దిగుదురు. ప్రతి మలుపును ముందుగనే లెక్కించుకొందురు.

మన గ్రామములలో కొందఱు బాలురు మోటారు సైకిలుపై చేతులు వదలి పోవుటయే సాహసమనుకొనుచున్నారు. పెద్దలైన మీరు వారికి మౌర్యగారి కథ చెప్పుడు. ఏండ్ల సాధన గలవానికే ఆకాశము 3 సెకన్ల గడువిచ్చినచో, సాధన లేనివానికి రహదారి యెంత గడువిచ్చునో వారినే యోచింపుమనుడు.