పసిపిల్లల దగ్గు, జ్వరం: ఒక్క నిమిషం ఊపిరి లెక్క

జలుబుతో ఉన్న పిల్లాడికి రాత్రివేళ ఒళ్లు కాలిపోతుంటే ఇంట్లో అందరి చేతులూ నుదుటి మీదికే వెళతాయి. జ్వరం 101 ఉందా, 102 ఉందా అన్నదే చర్చ. దగ్గు కూడా తోడైనప్పుడు అంతకంటే ముఖ్యమైన అంకె మరొకటి ఉంది. అది, బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడన్నది.

క్రిములు సోకినప్పుడు రోగనిరోధక కణాలు విడుదల చేసే రసాయనాల ప్రభావంతో మెదడులోని హైపోథాలమస్ ఒంటి వేడిని పెంచుతుంది. అదే జ్వరం. పారాసిటమాల్ ఈ వేడిని తగ్గిస్తుందే గానీ క్రిములను చంపదు. దగ్గు శ్వాసనాళాల్లోని కఫాన్ని బయటకు నెడుతుంది. పిల్లల జలుబు, దగ్గుల్లో చాలావరకు వైరస్‌ల వల్ల వచ్చేవే. అవి వాటంతట అవే తగ్గుతాయి, యాంటీబయాటిక్స్ వాటిపై పనిచేయవు.

న్యుమోనియా అలా కాదు. ఊపిరితిత్తుల్లోని గాలి గదుల్లో ద్రవం, చీము చేరి అవి బిగుసుకుపోతాయి. లోతుగా ఊపిరి తీయలేని బిడ్డ గబగబా తీస్తాడు. 1980ల్లో పాపువా న్యూగినీలో ఫ్రాంక్ షాన్ అనే వైద్యుడు, ఎక్స్‌రే సౌకర్యం లేనిచోట ఈ లక్షణంతోనే న్యుమోనియాను అనుమానించవచ్చని చూపారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం నిమిషానికి 2 నెలలలోపు శిశువుల్లో 60, 2 నుంచి 12 నెలలలోపు వారిలో 50, ఏడాది నుంచి ఐదేళ్లలోపు వారిలో 40, లేదా అంతకు మించి ఊపిరి తీస్తుంటే అది వేగంగా ఉన్నట్టే.

తెలంగాణకు ఆనుకుని ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఈ లెక్కను పల్లెలకు చేర్చారు. అంకెలు రాని మంత్రసానుల కోసం ఒక నిమిషం ఇసుక గడియారం, పూసలు ఉన్న పరికరాన్ని తయారుచేశారు. పది ఊపిరులకు ఒక పూస జరపాలి. నిమిషంలోపు ఎర్రపూస దాకా వస్తే న్యుమోనియాగా అనుమానించాలి. గ్రామ కార్యకర్తలే గుర్తించి మందులిచ్చిన ఆ పల్లెల్లో న్యుమోనియాతో పిల్లల మరణాలు ఇతర గ్రామాలకంటే సగానికి పైగా తక్కువగా నమోదయ్యాయి.

ఇంట్లో లెక్కించడానికి సెకన్ల ముల్లున్న గడియారం చాలు. బిడ్డ నిద్రపోతున్నప్పుడో, ప్రశాంతంగా ఉన్నప్పుడో చొక్కా పైకి తీసి పొట్ట కదలికను పూర్తిగా ఒక నిమిషం చూడాలి. ఒకసారి పైకి లేచి దిగితే ఒక ఊపిరి. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్క సరిగా రాదు. అనుమానం ఉంటే మళ్లీ లెక్కించాలి.

లెక్క ఎక్కువ వస్తే ఆ రోజే వైద్యుడికి చూపించాలి. ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, పాలూ నీళ్లూ తాగలేకపోతున్నా, తాగిందంతా కక్కేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, మగతగా పడి ఉన్నా లెక్కతో పనిలేదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. 2 నెలలలోపు శిశువుకు జ్వరం వచ్చినా అంతే. తెల్లారేదాకా ఆగకూడదు.