మీకు తెలుసా? ఆటలకో అర!

1985 నాటి సూపర్ మారియో గుర్తుందా? ఆట మొత్తం కలిపి 40 కేబీ! ఇప్పటి పెద్ద గేముల్లో చాలావాటికి 100 జీబీ పైనే కావాలి. అంటే ఒక్క గేము చోట్లో పాతిక లక్షల మారియోలు పడతాయి! కంప్యూటర్‌తో వచ్చిన డ్రైవ్ నిండిపోక ఏం చేస్తుంది?

ఇలా దగ్గరికి రండి, ఓ గుట్టు చెబుతా. గేము తీసేసి, కావాల్సినప్పుడు మళ్లీ దింపుకోవచ్చులే అనుకుంటున్నారా? మీరుండేది కవిటిలోనో, సోంపేటలోనో. ఇంట్లో 15 ఎంబీపీఎస్ లైనుంది అనుకోండి. 100 జీబీ దిగడానికి దాదాపు 15 గంటలు! అదీ మధ్యలో కరెంటు పోకుంటేనే సుమా! రెండో డ్రైవ్‌లో దాచుకున్నారా, ఆ బాధే లేదు. మంచి సాటా ఎస్‌ఎస్‌డీ నుంచి ఇంకోదానికి నాలుగైదు నిమిషాల్లో దూకేస్తుంది!

ఎం.2 ఎస్‌ఎస్‌డీని ఎప్పుడైనా చేతిలోకి తీసుకున్నారా? చాలావాటి బరువు 8 గ్రాములకు అటూఇటూ. పలాస జీడిపప్పులో డబ్ల్యూ-320 రకం ఉంది చూశారూ, అవి ఐదారు పప్పులు తూస్తే ఇంతే! ఆ కాస్త బరువులోనే 1 టీబీ!

దాన్ని బిగించడం ఇంకా తమాషా! మదర్‌బోర్డు గాడిలో ఏటవాలుగా దూర్చాలి. చెయ్యి వదిలితే రెండో కొస పైకి లేచి నిలబడుతుంది. కంగారు పడకండి, దాని తీరే అంత! వేలితో కిందికి నొక్కి, చివర స్క్రూ బిగిస్తే సరి. ఉండేది ఒకే ఒక్క స్క్రూ, అదీ చీమ తలకాయంత! జారి కింద పడిందో, ఇల్లంతా చీపురేసి వెతకాలి.

టెక్కలిలో ఇంజినీరింగ్ చదివే పిల్లలూ, మీ అన్నయ్య వాడిన పాత ల్యాప్‌టాప్ పడి ఉందా? దాని డీవీడీ డ్రైవ్ ఊడదీసి, ఆ ఖాళీలో క్యాడీ అనే చట్రంతో రెండో డ్రైవ్ పెట్టేయొచ్చు! ఒక్క మెలిక ఉంది. కొన్నిటికి 9.5 మిల్లీమీటర్ల మందం క్యాడీయే పడుతుంది. కొలవకుండా కొనకండి!

1 టీబీ కొంటే విండోస్ 931 జీబీయే చూపిస్తుంది! షాపువాడితో గొడవకు దిగకండి. కంపెనీ వెయ్యి లెక్కన కొలుస్తుంది, విండోస్ 1024 లెక్కన. సరుకు రవ్వంత కూడా తగ్గలేదు!

డ్రైవ్‌లను మింగేసే గేముల్లో కాల్ ఆఫ్ డ్యూటీది పెద్ద పీట. అదిప్పుడు ఎవరి చేతిలో ఉందో తెలుసా? మన హైదరాబాదీ సత్య నాదెళ్ల నడిపే మైక్రోసాఫ్ట్ చేతిలో! దాన్ని తయారుచేసే యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను 2023లో కొనేశారు. ధర 6,870 కోట్లు. రూపాయలు కాదండోయ్, డాలర్లు!

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అయినా ఎస్‌ఎస్‌డీలో దాచిన గేము చెక్కుచెదరదు! చిప్‌లో చిక్కిన ఎలక్ట్రాన్లు కరెంటు లేకున్నా అక్కడే ఉంటాయి. గేము కాపీ అవుతుండగా కరెంటు పోతే మాత్రం పని పాడవుతుంది. నన్నడిగితే డ్రైవ్‌తోపాటే చిన్న యూపీఎస్ కూడా కొనమంటాను.

కొత్త డ్రైవ్ పెట్టారు, కంప్యూటర్ ఆన్ చేశారు, డ్రైవ్ కనిపించదు! పాడైంది అనుకునేరు! డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఇనిషియలైజ్ చేయాలి. అక్కడ జీపీటీ ఎంచుకోండి. ఎంబీఆర్ నొక్కారా, ఎంత పెద్ద డ్రైవ్ కొన్నా 2 టీబీ దాటి వాడుకోలేరు!

ఆఖరిది, గేము వేగం పెరుగుతుందని మాత్రం కొనకండి. తగ్గేది లోడింగ్ సమయం. బొమ్మ సాఫీగా కదలాలంటే గ్రాఫిక్స్ కార్డు చూసుకోవాలి. ఉన్న గేములను కొత్త డ్రైవ్‌కు చేర్చడానికా? స్టీమ్‌లో స్టోరేజ్‌లోకి వెళ్లి గేముకు టిక్ పెట్టి మూవ్ నొక్కండి. మళ్లీ దింపుకోవాల్సింది 0 జీబీ!