పాత మోటారుకార్ల పరిశీలనము

నగను కొనునప్పుడు మనము మెరుగును మాత్రమే చూచి తృప్తిపడము. వెనుకకు త్రిప్పి అతుకును, కొక్కెమును, ముద్రను పరీక్షింతుము. పాతకాలపు గొప్ప మోటారుకార్లను చూచుటకును ఈ నేర్పే చాలును.

గడచిన వేసవిసెలవులలో మేము సూర్యలంకనుండి హైదరాబాదునకు పోయి చౌమహల్లా ప్రాసాదమును దర్శించితిమి. అచ్చట 1912వ సంవత్సరపు రోల్సు రాయిసు కారు కలదు. దానిని చేయింపబూనిన ఆరవ నిజాము మహబూబు అలీఖానుగారు, అది రాకమునుపే 1911లో గతించిరి. వారి కుమారులు ఉస్మాను అలీఖానుగారికి అది దక్కెను. వెనుకటి ఆసనము సింహాసనమువలె ఎత్తుగా నుండును. జనులు దాని పసుపువన్నెను చూచి సాగిపోవుచుండిరి. మేము నిలిచి చూచితిమి.

మొదట రేడియేటరును చూడవలెను. రోల్సు రాయిసుది గ్రీకు దేవాలయపు ముఖమును బోలియుండును. ప్యాకార్డుదాని పైయంచు ఎద్దులకాడివలె వంగియుండును. పిమ్మట బొమ్మను చూడవలెను. వస్త్రము గాలికెగురుచుండ ముందునకు వంగిన స్త్రీమూర్తిని చార్లెసు సైక్సను శిల్పి 1911లో రూపొందించెను. మోకాళ్లూనిన రూపము 1934లో వచ్చినది. కనుక 1920 నాటి కారుమీద మోకాళ్లూనిన బొమ్మ యున్నచో, అది తరువాత తగిలించినదని గ్రహింపనగును.

ఆ కాలమున రోల్సు రాయిసు కంపెనీవారు ఇంజనును, చాసిస్సును మాత్రమే చేసెడివారు. పైకట్టడమును కొనువారు వేరొకరిచేత చేయించుకొనెడివారు. నిజాముగారి కారునకు దానిని కట్టినవారు లండనునందలి బార్కరు కంపెనీవారు. కావున ఇట్టి కార్లకు రెండు ముద్రలు వెదకవలెను: సాధారణముగా తలుపు గడపమీద కట్టినవారి పేరును, బానెట్టు లోపల చాసిస్సు సంఖ్యయు నుండును. కారునకు గోత్రప్రవరలు ఈ రెండే.

ఈ సంగతి మాకు ముందే తెలిసియుండిన బాగుండెడిది! మా పుట్టింట తాతగారి నాటి బ్యూయికు కారొకటి షెడ్డులో నుండెను. సముద్రపు ఉప్పుగాలికి మడ్గార్డులు తుప్పుపట్టినవి. చిన్ననాడు మేమే దాని సంఖ్యగల రేకును ఊడబెరికి, పాతసామానులవానికిచ్చి పీచుమిఠాయి తింటిమి. కొన్నియేండ్లకు కొనగోరి యొకరు వచ్చి ఆ సంఖ్య నడిగిరి. నాయనగారు బానెట్టెత్తి వెదకివెదకి దింపిరి. మేము నోరు మెదపలేదు. తుదకు కారు తూకమునకు పోయినది.

మీ యింట అట్టి కారున్నచో, ముందుగా సంఖ్యలను వ్రాసి బియ్యపుకార్డుతోపాటు దాచుడు. తీరగ్రామములవారు మంచినీటితో కడిగి, తలుపులక్రింది అతుకులను పొడిగుడ్డతో తుడువుడు. పట్టణములలో పాతకార్ల కూటములకు పోయినచో, గాజులు, ఉంగరములు రంగును గీరకుండ దూరముగా నిలిచి, యజమానినడిగి బానెట్టు నెత్తించి చూడుడు. రంగు మరల వేయవచ్చును. పోయిన ముద్ర మరల రాదు.