ముందు వరుసలో మాంత్రికుడు



ప్రతి ఏటా మే నెల నడుమ మా గుడియాత్తంలో గంగమ్మ శిరసు తిరునాళ్ళు జరుగుతాయి. అటు వేలూరు నుంచీ ఇటు చిత్తూరు నుంచీ జనం కిక్కిరిసి వస్తారు. తండ్రి ఆజ్ఞ మీద తల్లి రేణుక తల నరికి, తిరిగి ఆ తండ్రినే వరమడిగి ఆమెను బ్రతికించుకున్న పరశురాముడి కథే ఆ శిరసు ఊరేగింపుకు మూలం. ఆయన ఋషి కొడుకు. నోట మంత్రం, చేత గొడ్డలి రెండూ ఉన్నవాడు.

ఆ పరశురాముడి కథే ఇంకొకటి ఉంది. మన పల్లెల్లో భారతం కూత్తు చూసినవారికి గుర్తుండే ఉంటుంది. కర్ణుడు బ్రాహ్మణుణ్ణని అబద్ధం చెప్పి ఆయన దగ్గర అస్త్రవిద్య నేర్చుకున్నాడు. ఒకనాడు గురువుగారు శిష్యుడి తొడ మీద తల పెట్టి నిద్రపోయారు. ఒక పురుగు వచ్చి కర్ణుడి తొడను తొలిచింది. గురువుకు నిద్రాభంగం కాకూడదని అతడు కదలలేదు. రక్తం తగిలి లేచిన గురువు, "ఇంత బాధను ఓర్చుకున్నావే, నువ్వు బ్రాహ్మణుడివి కావు" అని పట్టేశాడు. అవసరమైన వేళకు మంత్రం గుర్తుకు రాకుండా పోవాలని శపించాడు.

మంత్రం తెలిసినవాడు దెబ్బకు ఓర్వలేడన్నది గురువుగారి లెక్క. ఆశ్చర్యమేమిటంటే, అమెరికాలో 1974లో వెలువడిన ఒక ఆటలో కూడా ఇదే లెక్క ఉంది. ఆ లెక్కను ఎట్లా సరిచేసుకోవచ్చో ఈ రోజు మీతో ముచ్చటిస్తాను. పిల్లలున్న ఇళ్ళలో ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దాన్ని తయారు చేశారు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు సూత్రధారి. మన కూత్తులో కట్టియంకారన్ కథను ఎత్తుకున్నట్టు, ఈ సూత్రధారి "మీ ఎదుట ఒక కోట ఉంది, తలుపు దగ్గర అలికిడి వినపడుతోంది, ఏం చేస్తారు?" అని అడుగుతాడు. మిగిలినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్ర. ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు వైద్యం తెలిసిన పూజారి. ఎవరేం చేస్తారో నోటితో చెప్పాలి. అది ఫలించిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఇందులో ఒకరు గెలవడం, ఇంకొకరు ఓడడం అంటూ లేదు. అందరూ కలిసి కథలో బయటపడాలి, అంతే.

మొన్నటి వేసవి సెలవుల్లో మా అక్క కొడుకు బెంగుళూరు నుంచి ఈ పుస్తకమూ పాచికలూ పట్టుకొని వచ్చాడు. మా తిన్నె మీద వీధి పిల్లలు ఐదుగురు చేరారు. పుస్తకం ఇంగ్లీషు, వాళ్ళ బడి చదువు తమిళం, ఆట మాత్రం తెలుగులో సాగింది. వాళ్ళలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఉంది. లుంగీలు నేసే ఇంటి పిల్ల. తరగతిలో పేరు పిలిస్తే తప్ప నోరు విప్పదు. ఆమె మాంత్రికురాలి పాత్ర తీసుకొని, నేను ముందర నిలబడతాను అంది. "చస్తావు, ఎనకాల నిలబడుకో" అన్నారు మగపిల్లలు. వినలేదు. మొదటి రౌండులోనే ఆమె పాత్ర నేలకొరిగింది. పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి, "ముందర నిలబడేదానికి దారే లేదా టీచర్?" అని అడిగింది.

నేను లెక్కలు చెప్పే మనిషిని. కాబట్టి ఆమె ఎందుకు పడిపోయిందో ముందు లెక్క వేశాం. నేను చెప్పే అంకెలన్నీ 2014 నియమాల పుస్తకంలోవి. 2024లో కొత్త కూర్పు వచ్చింది, కొన్ని వివరాలు అందులో మారాయి.

ప్రతి పాత్రకూ రెండు అంకెలు ముఖ్యం. ఒకటి ఆయువు, అంటే ఎంత దెబ్బ తింటే పడిపోతాడన్నది. రెండోది రక్షణ అంకె, అంటే శత్రువు పాచికలో ఎంత పడితే దెబ్బ తగులుతుందన్నది. మా అమ్మాయి మాంత్రికురాలికి ఆయువు 8, రక్షణ 13. పక్కనున్న యోధుడికి ఆయువు 12. గొలుసు కవచం, డాలు ఉన్నాయి కాబట్టి రక్షణ 18. ఎదురుగా ముగ్గురు గాబ్లిన్లు, అంటే పొట్టి రాకాసులు. గాబ్లిన్ పాచిక వేసి 4 కలుపుకుంటాడు. 13కు చేరాలంటే పాచికలో 9 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి. ఇరవైలో పన్నెండు ముఖాలు వాడివే, అంటే నూటికి 60. తగిలిన దెబ్బ ఒక్కొక్కటి సగటున అయిదున్నర. ముగ్గురూ కలిసి ఒక రౌండులో సుమారు 10 తీస్తారు. ఆమెకున్నది 8. ఇక నిలిచేదెట్లా? అదే యోధుడి మీద వాళ్ళు నూటికి 35 సార్లే కొట్టగలరు, రౌండుకు సుమారు 6 తీస్తారు. అతడు రెండో రౌండు చూస్తాడు.

ఇది పొరపాటున వచ్చిన తేడా కాదు. మాంత్రికుడు ఒక్క మంత్రంతో పదిమందిని పడగొట్టగలడు కాబట్టి, ఆట కట్టినవారు అతడి ఒంటిని బలహీనంగా ఉంచారు. 1974 నాటి తొలి పుస్తకంలో అతడికి కవచమే లేదు, ఆయుధమంటే బాకు ఒక్కటే. ఈనాటికీ అలవాటు లేని కవచం తొడుక్కుంటే మంత్రం వేయడం కుదరదు.

సరే, దారులు చూద్దాం. చాలామంది పిల్లలు మొదట చేసే పని మాంత్రికుడి చేతికి పెద్ద కత్తి ఇవ్వడం. ఇది తప్పు దారి. కత్తి వల్ల ఆయువూ పెరగదు, రక్షణా పెరగదు. ముందు చూసుకోవలసింది దెబ్బ తగలకుండా ఉండటం.

మేజ్ ఆర్మర్ అనే మంత్రం ఉంది, మంత్ర కవచం అనుకోండి. ఒకసారి వేస్తే ఎనిమిది గంటలు ఉంటుంది. మా అమ్మాయి రక్షణ 13 నుంచి 16కు పెరిగింది. గాబ్లిన్ అవకాశం నూటికి 60 నుంచి 45కు దిగింది. షీల్డ్ అనేది ఇంకొకటి. శత్రువు దెబ్బ తగిలిందనగానే, మన వంతు కాకపోయినా వేయవచ్చు. రక్షణకు అప్పటికప్పుడు 5 కలుస్తుంది, తిరిగి మన వంతు మొదలయ్యేదాకా నిలుస్తుంది. 16 కాస్తా 21 అవుతుంది. ఇప్పుడు గాబ్లిన్‌కు నూటికి 20 సార్లే తగులుతుంది. యోధుడి రక్షణను కూడా దాటిపోయామన్న మాట.

అయితే దీనికి ఖర్చు ఉంది. మొదటి మెట్టులో ఉన్న మాంత్రికుడు రోజుకు ఇలాంటి మంత్రాలు రెండే వేయగలడు. మధ్యలో గంటసేపు విశ్రాంతి తీసుకుంటే ఇంకొకటి తిరిగి వస్తుంది. కవచానికి ఒకటి పోతే, షీల్డ్‌కు మిగిలింది ఒకటో రెండో. కాబట్టి మొదటి మెట్టులో ముందు వరుస అంటే ఒకటి రెండు రౌండ్ల సంగతే. మూడో మెట్టుకు వచ్చేసరికి రోజుకు ఆరు మంత్రాలు వస్తాయి, ఆయువు 20 అవుతుంది. అప్పుడు నిలబడటానికి అర్థముంది.

రెండో దారి, నిలబడే చోటును ఎంచుకోవడం. దీనికి మంత్రం కూడా అక్కరలేదు. బయలులో నిలబడితే ముగ్గురు చుట్టుముడతారు. ఇరుకు తలుపులో నిలబడితే ఒక్కడే కొట్టగలడు. రక్షణ 16 ఉన్న మా అమ్మాయికి ముగ్గురి వల్ల రౌండుకు ఏడున్నర పోతే, ఒక్కడి వల్ల పోయేది రెండున్నర.

మూడోది, దగ్గరి మంత్రాలు నేర్చుకోవడం. శత్రువు ఐదు అడుగుల్లో ఉండగా దూరం విసిరే నిప్పు మంత్రం వేస్తే, రెండు పాచికలు వేసి చిన్నదాన్ని తీసుకోవాలి. చాలాసార్లు వృథా పోతుంది. దానికి బదులు షాకింగ్ గ్రాస్ప్ అని చేత్తో తాకి వేసే మంత్రం ఉంది. అది తగిలినవాడు తన తర్వాతి వంతుదాకా ఎదురుదెబ్బ కొట్టలేడు, మనం నిదానంగా వెనక్కు తగ్గవచ్చు. థండర్‌వేవ్ ఉరుములాంటి మంత్రం. అది ఎదుటివారిని పది అడుగులు వెనక్కు నెట్టగలదు.

ఇక నాలుగోది. కర్ణుడి తొడ దగ్గరికి మళ్ళీ వచ్చాం. కొన్ని మంత్రాలు వేసి వదిలేస్తే నిలవవు, మనసు వాటి మీదే పెట్టి ఉంచాలి. పుస్తకంలో దీన్ని ఏకాగ్రత అనే అర్థంలోనే చెప్పారు. అలా పట్టి ఉంచగా దెబ్బ తగిలిందంటే పాచిక వేసి, శరీర దార్ఢ్యానికున్న అంకె కలిపి, కనీసం 10 తెచ్చుకోవాలి. దెబ్బ 22 గానీ అంతకంటే గానీ పెద్దదైతే, అందులో సగం తెచ్చుకోవాలి. తప్పితే మంత్రం చెదిరిపోతుంది. మా అమ్మాయి దార్ఢ్యం 2. అంటే పాచికలో 8 పడాలి, నూటికి 65 సార్లు నిలుస్తుంది. ప్రతి మూడు దెబ్బల్లో ఒకదానికి మంత్రం పోతుందన్న మాట. ముందు వరుసకు ఇది చాలదు.

వార్ కాస్టర్ అనే ప్రత్యేక శిక్షణ తీసుకుంటే, ఈ పరీక్షకు రెండు పాచికలు వేసి పెద్దదాన్ని తీసుకోవచ్చు. రెండూ తప్పే అవకాశం 35లో నూటికి 35, అంటే పన్నెండు చిల్లర. కాబట్టి నూటికి 88 సార్లు మంత్రం నిలుస్తుంది. ఎనిమిది దెబ్బలకు ఒకసారి పోతుంది. ఈ శిక్షణ మామూలుగా నాలుగో మెట్టులో దొరుకుతుంది. పాత్ర మనిషి జాతిదై, సూత్రధారి ఒప్పుకుంటే మొదటి మెట్టులోనే దొరుకుతుంది. మా అమ్మాయికి అలాగే ఇచ్చాం.

మొదటినుంచీ రెండూ కలిసిన పాత్రలు కావాలంటే అవీ ఉన్నాయి. ఒక మెట్టు యోధుడిగా మొదలుపెట్టి తర్వాత మాంత్రికుడైతే బరువైన కవచమూ వస్తుంది, ఏకాగ్రత పరీక్షకు బలమూ వస్తుంది. మంత్రాల్లో మాత్రం ఎప్పటికీ ఒక మెట్టు వెనకబడతాం. ఎల్డ్రిచ్ నైట్ అనేవాడు ముందు యోధుడు, మూడో మెట్టు నుంచి కొద్దిపాటి మాంత్రికుడు. అసలు మాంత్రికుడు తొమ్మిదో తరగతి మంత్రాలదాకా వెళితే, ఇతడు నాలుగుతో ఆగిపోతాడు. 2015లో వచ్చిన పుస్తకంలో, మార్పులతో మళ్ళీ 2020లో, బ్లేడ్‌సింగర్ అనే కత్తి పట్టిన మాంత్రికుణ్ణి ఇచ్చారు. అతడి తెలివి అంకె రక్షణకూ ఏకాగ్రతకూ కలుస్తుంది. బరువైన కవచమూ డాలూ మాత్రం పట్టకూడదు. ఏ దారి పట్టినా ఒకటి వదులుకుంటేనే ఒకటి వస్తుంది.

సెలవుల చివరి వారం మా అక్క కొడుకు ఒక కోట కథ ఎత్తుకున్నాడు. వేలూరు కోటను చూపించి వచ్చాను కాబట్టి, చుట్టూ అగడ్త, లోపలికి ఇరుకు దారి పెట్టాడు. పాత్రలు మూడో మెట్టులో ఉన్నాయి. మా అమ్మాయి మంత్ర కవచం ముందే వేసుకొని, దారి నడుమ నిలబడింది. శత్రువులు రాగానే రెండు గోడల మధ్య వెబ్ అనే వల మంత్రం వేసింది. నేత ఇంటి పిల్ల కదా, ఆ వల ఎట్లా అల్లుకుందో పడుగూ పేకా చెప్పి మరీ వర్ణించింది. నలుగురు వలలో చిక్కుకున్నారు. తప్పించుకున్న నాయకుడొక్కడు ఆమె మీదికి వచ్చాడు. మొదటి దెబ్బను షీల్డ్‌తో ఆపింది. రెండోది తగిలింది, తొమ్మిది పోయింది. ఇప్పుడు ఏకాగ్రత పరీక్ష. వల తెగితే నలుగురూ వెనకనున్న పిల్లల మీద పడతారు. రెండు పాచికలు వేసింది. ఒకటి నాలుగు, రెండోది పదకొండు. పదకొండూ రెండూ పదమూడు. వల నిలిచింది. వెనకనుంచి మగపిల్లలు బాణాలతో ఒక్కొక్కరినీ పడగొట్టారు.

శిక్షణ లేకుండా ఆ నాలుగే పడి ఉంటే? పిల్లలు అదే అడిగారు. "వల పోయుంటుంది. అందుకే కదా కత్తి వద్దని ఇది తీసుకున్నా" అంది ఆ పిల్ల. ఆ సాయంత్రం ఆమె అరగంటసేపు ఆపకుండా తెలుగులో మాట్లాడింది. నేను తరగతిలో ఏడాది పొడుగునా విన్నదానికంటే అది ఎక్కువ.

మీ ఇంట్లో పిల్లలు ఈ ఆట మొదలుపెడితే, మాంత్రికుణ్ణి ముందుకు పంపే ముందు నాలుగు ప్రశ్నలు వేయించండి. రక్షణ ఎంత? నిలబడే చోటు ఎటువంటిది? దగ్గరి మంత్రం ఒకటైనా ఉందా? దెబ్బ తగిలితే ఏకాగ్రత నిలుస్తుందా? నాలుగింటికీ జవాబు ఉంటే, వెనక నిలబడమని ఎవరూ అననక్కరలేదు. మంత్రాలు అయిపోతే మాత్రం వెనక్కు తగ్గాలి, అందులో చిన్నతనమేమీ లేదు.