చిన్న నాణేల ఉపసంహరణ

ఒక దేశపు ద్రవ్యంలో అత్యల్ప విలువ గల నాణేల ముద్రణను ఆపివేసి, వాటిని క్రమంగా చలామణి నుండి తొలగించడాన్ని చిన్న నాణేల ఉపసంహరణ అంటారు. భారతదేశంలో 25 పైసలు, అంతకు తక్కువ విలువ గల నాణేలన్నీ 2011 జూన్ 30 నుండి చెల్లుబాటు కోల్పోయాయి. తెలుగువారు పావలా అని పిలిచే నాణెం ఆ విధంగా కనుమరుగైనది.

కారణాలు

ధరలు పెరిగేకొద్దీ నాణెపు కొనుగోలు శక్తి తగ్గుతుంది. లోహపు ఖరీదు, ముద్రణ వ్యయం మాత్రం పెరుగుతూ పోతాయి. కెనడాలో ఒక సెంటు నాణెం తయారీకి 1.6 సెంట్లు ఖర్చయ్యేది. అమెరికాలో 2024 నాటికి ఈ ఖర్చు 3.69 సెంట్లకు చేరింది. లోహం విలువ ముఖవిలువను మించినపుడు నాణేలను కరిగించి అమ్ముకోవడం లాభసాటి అవుతుంది. భారతదేశంలో చిల్లర కొరత ఏర్పడినపుడు, చిన్న నాణేలను కరిగించడాన్ని, అవసరానికి మించి దాచడాన్ని నేరంగా ప్రకటిస్తూ 1971లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది.

ముద్రణ నిలిపివేత, చెల్లుబాటు రద్దు

ఈ రెండూ ఒకటేనని పలువురు పొరబడుతుంటారు. కెనడా తన చివరి సెంటును 2012 మే 4న విన్నిపెగ్‌లో ముద్రించి, 2013 ఫిబ్రవరి 4న పంపిణీ ఆపివేసింది; కాని ఆ నాణెం నేటికీ చెల్లుతుంది. అమెరికా 2025 నవంబరు 12న ఫిలడెల్ఫియాలో చలామణి కొరకు చివరి సెంటును ముద్రించింది. అక్కడా చెల్లుబాటు రద్దు కాలేదు. న్యూజీలాండ్ మాత్రం 1, 2 సెంట్ల నాణేల చెల్లుబాటును 1990లోనే రద్దు చేసింది. ఆస్ట్రేలియా 1992 నుండి వెనక్కి తీసుకున్న నాణేల కంచు 2000 సిడ్నీ ఒలింపిక్స్ కాంస్య పతకాలలో చేరింది.

మొత్తాన్ని సవరించే పద్ధతి

చిన్న నాణెం పోతే చివరి అంకెను ఎవరికి అనుకూలంగా సవరించాలన్నదే అసలు ప్రశ్న. కెనడా పద్ధతిలో మొత్తం 1, 2 సెంట్లతో ముగిస్తే సున్నాకు, 3, 4, 6, 7 సెంట్లతో ముగిస్తే 5కు, 8, 9 సెంట్లతో ముగిస్తే 10కి సవరిస్తారు. ఇది నగదు చెల్లింపులకు మాత్రమే వర్తిస్తుంది. పైగా సవరణ ఒక్కొక్క వస్తువు మీద కాక మొత్తం బిల్లు మీద జరగాలి. 1.03 డాలర్ల వస్తువులు మూడు కొంటే బిల్లు 3.09, సవరిస్తే 3.10 అవుతుంది. విడివిడిగా సవరిస్తే అదే 3.15 అవుతుంది. కొద్ది కొద్దిగా సరుకులు కొనే పేదవారికి ఈ తేడా చిన్నది కాదు.

భారతదేశంలో

1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చేవరకు రూపాయికి 16 అణాలు, 64 కానులు. ఆ తరువాత రూపాయికి 100 నయాపైసలయ్యాయి. 1964లో "నయా" అన్న మాట తొలగించారు. ఒక పైసా నాణెం మొదట కంచుతో, పిదప నికెల్ ఇత్తడితో, 1965 నుండి అల్యూమినియంతో వచ్చింది. ఇంత చవక లోహానికి మారినా దానిని కాపాడలేకపోయారు. పావలా 1988 నుండి స్టెయిన్‌లెస్ స్టీలుతో, ఖడ్గమృగం బొమ్మతో వెలువడింది. వీటిలో సంవత్సరం క్రింద నక్షత్రం గుర్తు ఉన్నవి హైదరాబాదు టంకశాలలో ముద్రించినవి.

ఉపసంహరణ ప్రకటన 2010 డిసెంబరులో వెలువడింది. 2011 జూన్ 29 వరకు బ్యాంకులలో మార్చుకునే వీలు కల్పించారు.

అర్ధరూపాయి నాణెం చట్టం దృష్టిలో నేటికీ చెల్లుతుంది. 2011 నాటి నాణేల చట్టం ప్రకారం పది రూపాయలకు మించని చెల్లింపుకు దీనిని వాడవచ్చు. అయినా చాలా దుకాణాలలో దీనిని తీసుకోరు. చిల్లరకు బదులు చాక్లెట్టు చేతిలో పెట్టడం అందరికీ తెలిసినదే. అంటే ప్రభుత్వం రద్దు చేయకముందే బజారు రద్దు చేసినట్లు. పైసా మాత్రం లెక్కలలో మిగిలి ఉంది. పెట్రోలు ధరను నేటికీ పైసలతో సహా ప్రకటిస్తారు.