ఒక్క అక్షరం మారితే తలుపు తెరుచుకోదు

టెన్త్‌తోనే బయాలజీకి టాటా చెప్పేసిన ఎంపీసీ బ్యాచ్ మనది. అయినా ఈ టాపిక్ చదువుతుంటే నాకు మన డీబగ్గింగే గుర్తొచ్చింది.

కాల్షియం అంటే పాలు, ఎముకలే అనుకుంటాం. కణానికి మాత్రం అదొక సిగ్నల్. కణం లోపలి ద్రవంలో కంటే బయట కాల్షియం దాదాపు 10,000 రెట్లు ఎక్కువ. అందుకే తలుపు కాసేపు తెరిస్తే చాలు, లోపలంతా కబురు అందుతుంది.

కణంలో ఈఆర్ అనే కాల్షియం నిల్వ ట్యాంకు ఉంటుంది. అందులో మట్టం తగ్గితే కనిపెట్టేది స్టిమ్1 అనే ప్రోటీన్. మన అపార్ట్‌మెంట్ ట్యాంకులో సెన్సర్ లాంటిదన్నమాట. అది కణపొరలోని ఓరాయ్1 అనే తలుపును తెరుస్తుంది. గ్రీకు పురాణాల్లో స్వర్గద్వారాలు కాసే దేవతల పేరే దీనికి పెట్టారు. మన టీ కణాల్లో ఇలా వచ్చిన కాల్షియం కాల్సిన్యూరిన్‌ని లేపుతుంది. అది ఎన్‌ఫాట్‌ని కేంద్రకంలోకి పంపుతుంది. అప్పుడు రోగాలతో పోరాడే జన్యువులు ఆన్ అవుతాయి.

ఇక వేరియంట్ల సంగతి. స్టిమ్2 జన్యువు ఒకటే, కానీ దాని నుంచి వేర్వేరు బిల్డ్‌లు వస్తాయి. స్టిమ్2.2 తలుపు తెరుస్తుంది. స్టిమ్2.1లో 8 అమైనో ఆమ్లాలు ఎక్కువ, అంతే. అది తెరవకపోగా బ్రేక్ వేస్తుంది. ఇది బగ్ కాదు, కణం కావాలని పెట్టుకున్న ఫీచర్.

అసలు బగ్ ఎలా ఉంటుందో 2006లో బయటపడింది. ఓరాయ్1లో ఉన్నవి 301 అమైనో ఆమ్లాలు. డీఎన్‌ఏలో ఒక్క ‘సి’ ‘టి’గా మారి, 91వ స్థానంలో ఆర్జినిన్ బదులు ట్రిప్టోఫాన్ వచ్చింది. తలుపు ఉంది గానీ తెరుచుకోదు. ఇలా పుట్టిన పసిపిల్లలకి రోగనిరోధక శక్తి పనిచేయదు, మూలకణ మార్పిడి చేయకపోతే బతకడం కష్టం. దీనికి రివర్స్ కేసు కూడా ఉంది. స్టిమ్1లో 304వ స్థానం మారితే తలుపు మూసుకోదు. అప్పుడు కండరాలు బలహీనపడతాయి, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి.

నన్ను బాగా ఆలోచింపజేసింది ఇంకోటి. ఆ పిల్లల రక్తంలో టీ కణాలు లెక్కపెడితే సంఖ్య దాదాపు మామూలుగానే ఉంటుంది. కౌంట్ టెస్ట్ పాస్! కణాల్ని ప్రేరేపించి, అవి స్పందిస్తున్నాయో లేదో చూస్తేనే లోపం దొరుకుతుంది. ఫైల్ ఉందా అని కాదు, రన్ అవుతోందా అని చూడాలి.